అల్లర్ల మీద నలుగురు పండితులు నాలుగు రకాలుగా చెబితే ఎవరిని నమ్మాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, రెండో సంవత్సరం. 1990 డిసెంబర్‌లో నగరంలో జరిగిన హిందూ ముస్లిం అల్లర్లు నా అంశం. చదవడం మొదలుపెట్టాక బుర్ర తిరిగిపోతోంది. ఒకరు రాజకీయ నాయకులే చేయించారంటారు. ఇంకొకరు రెండు మతాల వాళ్లను కలిపే సంఘాలు, వ్యాపార సంబంధాలు ఊళ్లో లేకపోవడమే కారణమంటారు. ఒకరు ఓట్ల లెక్క అంటే, మరొకరు మనస్తత్వం అంటారు. మా గైడ్ ‘ముందు ఏదో ఒక థియరీ తేల్చుకుని రా’ అన్నారు. మా పెద్దమ్మ వాళ్లు అప్పట్లో పాతబస్తీలో శాలిబండ దగ్గర ఉండేవారు. ఆవిడ చెప్పేది ఏ పుస్తకంలోనూ లేదు, పుస్తకాల్లో ఉన్నది ఆవిడకు తెలియదు. నాన్నేమో ‘మానిన పుండును కెలకడం దేనికి? రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు. ఆ మాట రాసి ఊరుకో’ అంటారు. నిష్పక్షపాతంగా రాయాలంటే నేనేం చేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది. నా పేరు వేయకండి.

జవాబు: అమ్మా, మీరు సరిగానే చదువుతున్నారు, అందుకే తికమక పడుతున్నారు. ఈ విషయం మీద జీవితమంతా పనిచేసిన వాళ్లే ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేదు, అచ్చులో ఘాటుగానే విమర్శించుకున్నారు. వాళ్ల పుస్తకాలు రెండు మూడు వరసగా చదివి కూడా ఏ ఇబ్బందీ కలగని వాళ్లు పైపైన చదివారని నేను అనుకుంటాను.

గైడ్ గారి సలహాతో మొదలుపెడతాను. థియరీ ముందే తేల్చుకోమనడం తొందరపాటు. మీరు చెప్పిన నలుగురూ ఒకే ప్రశ్నకు నాలుగు జవాబులు ఇవ్వడం లేదు. నాలుగు ప్రశ్నలు వేరు వేరుగా అడుగుతున్నారు. ఎవరు ఏ ప్రశ్న అడిగారో విడదీస్తే మీ తలనొప్పి సగం తగ్గుతుంది.

రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్ణేయ్ అడిగింది ‘ఇక్కడే ఎందుకు, అక్కడ ఎందుకు కాదు’ అని. 1950 నుంచి 1995 దాకా ఒక ఇంగ్లీషు దినపత్రికలో వచ్చిన హిందూ ముస్లిం అల్లర్ల వార్తలన్నీ మరో రాజనీతి శాస్త్రవేత్త స్టీవెన్ విల్కిన్సన్‌తో కలిసి ఏరి జాబితా కట్టారు. అందులో తేలింది ఇది: చావుల్లో పల్లెటూళ్ల వాటా నాలుగు శాతం కూడా లేదు. మొత్తం చావుల్లో దాదాపు సగం ఎనిమిది నగరాల్లోనే జరిగాయి. ఆ ఎనిమిదింటిలో మన హైదరాబాద్ ఉంది. దేశం మొత్తాన్నీ, రెండు మతాల మొత్తం చరిత్రనీ కారణంగా చెబితే మిగతా ఊళ్లు ఎందుకు ప్రశాంతంగా ఉన్నాయో చెప్పలేం కదా. అందుకని ఆయన నగరాలను జతలుగా తీసుకున్నారు. అలీగఢ్ పక్కన కోళికోడ్, అహ్మదాబాద్ పక్కన సూరత్, హైదరాబాద్ పక్కన లక్నో. హైదరాబాద్, లక్నో రెండూ ముస్లిం ప్రభువులు ఏలిన నగరాలే, రెండింటిలో రెండు మతాల వాళ్లూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. అయినా లక్నోలో గొడవలంటే ఎక్కువగా షియా సున్నీల మధ్యే. అక్కడి చికన్‌కారీ ఎంబ్రాయిడరీ పనిలో కుట్టేవాళ్లు ఎక్కువగా ముస్లింలు, సరుకు కొని అమ్మే వ్యాపారులు ఎక్కువగా హిందువులు. ఒకరు లేకపోతే ఇంకొకరికి పూట గడవదు. ఇరుగుపొరుగు పలకరింపులు, పండగకు మిఠాయిలు పంచుకోవడం పల్లెల్లో సరిపోతాయేమో గాని, నగరంలో శాంతిని నిలబెట్టేవి రెండు మతాల వాళ్లూ సభ్యులుగా ఉన్న వర్తక సంఘాలు, యూనియన్లు, పార్టీలు అని ఆయన వాదన.

ఈ వాదన నాకు నచ్చుతుంది, ఎందుకంటే శాంతిగా ఉన్న ఊరిని కూడా వివరించాల్సిన విషయంగా చూసింది. కానీ రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, పత్రికలో రానిది ఆ జాబితాలో లేదు. ఢిల్లీ బొంబాయిలకు దూరంగా జరిగిన చిన్న గొడవ ఇంగ్లీషు పత్రిక దాకా వెళ్లేది కాదు. పైగా పల్లెల వాటా తక్కువే అయినా, 1989లో బీహార్‌లోని భాగల్‌పూర్ గొడవలు చుట్టుపక్కల ఊళ్లకు పాకినప్పుడు ఎంత ఘోరం జరిగిందో మరిచిపోకూడదు. లోగాయిన్ అనే ఊళ్లో వందకు పైగా ముస్లింలను చంపి, పొలంలో పూడ్చి, పైన కాలీఫ్లవర్ నాటారు. సగటు లెక్క ఆ ఊరి గురించి ఏమీ చెప్పదు.

రెండోది హైదరాబాద్‌కు బాగా వర్తిస్తుంది. సంబంధాలు లేవు కాబట్టి గొడవలు వచ్చాయా, గొడవలు వచ్చాయి కాబట్టి సంబంధాలు తెగాయా? 1978 నుంచి ఏడాదికో రెండేళ్లకో కర్ఫ్యూ చూసిన బస్తీల్లో జనం ఇళ్లు మారారు. హిందువులు నది దాటి అవతలికి, ముస్లింలు తమ వాళ్లున్న గల్లీల్లోకి. 1990 నాటికి పక్కింటి వాళ్లెవరో తెలియని పరిస్థితి కొన్నిచోట్ల ఉందంటే అందులో అంతకు ముందటి పన్నెండేళ్ల గొడవల పాత్ర ఎంత? దీనికి జవాబు పుస్తకాల్లో దొరకదు, మీరే తవ్వి తీయాలి. మీ థీసిస్‌లో కొత్తదనం ఇక్కడే ఉండొచ్చు.

పాల్ బ్రాస్ వేరే ప్రశ్న అడిగారు. ‘ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు?’ ఆయన అమెరికన్, 1960ల నుంచి ఉత్తరప్రదేశ్‌లో తిరిగి, అలీగఢ్‌ను దశాబ్దాల పాటు గమనించారు. అల్లర్లు వాటంతట అవి పుట్టవనీ, కొన్ని ఊళ్లలో వాటిని తయారుచేసే యంత్రాంగమే ఒకటి నిలబడి ఉంటుందనీ ఆయన తేల్చారు. ఏ చిన్న తగాదా జరిగినా ఆరిపోకుండా ఊదుతూ ఉండేవాళ్లు కొందరు. అదను దొరికినప్పుడు ఆ తగాదాను మతాల గొడవగా మార్చగలిగేవాళ్లు కొందరు. రాళ్లేసేవాళ్లు, పుకార్లు మోసేవాళ్లు, తర్వాత పత్రికలకు కథ చెప్పేవాళ్లు ఇంకా వేరే. ఎన్నికలు దగ్గరపడ్డప్పుడో, ఏదైనా ఉద్యమం ఊపందుకున్నప్పుడో ఇది కదులుతుంది. ఆయన ఇంకో సంగతి కూడా పట్టుకున్నారు. గొడవ అయిపోయాక ‘ఎందుకు జరిగింది’ అని నడిచే చర్చను కూడా ఆయన గొడవలో చివరి అంకంగానే చూశారు. పేదరికం, చరిత్ర, మూక మనస్తత్వం, పాకిస్తాన్ అని కారణాలు పెద్దవి చేసుకుంటూ పోతే పెట్రోలు డబ్బా మోసినవాడు, ఫోన్ ఎత్తని అధికారి మెల్లగా కనుమరుగవుతారు. మనలాంటి రాసేవాళ్లం తెలియకుండానే వాళ్లకు సాయం చేస్తామని ఆయన హెచ్చరిక. మిగతా వాదనలతో విభేదించినా, ఈ ఒక్క మాట మీ టేబుల్ మీద రాసి పెట్టుకోండి.

ఇక మీ 1990 సంగతి. వందకు పైగా ప్రాణాలు పోయిన ఆ డిసెంబర్‌లోనే ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి దిగిపోయి నేదురుమల్లి జనార్దనరెడ్డి వచ్చారు. చెన్నారెడ్డిని దించడానికి సొంత పార్టీలోని ప్రత్యర్థి వర్గమే గొడవలు రాజేసిందని ఊరంతా అనుకున్నారు, ఇప్పటికీ అనుకుంటారు. బ్రాస్‌ను చదివిన వేడిలో మీరు దీన్ని పట్టుకుని అధ్యాయం రాసేయాలనుకుంటారు. ఆగండి. ఎవరికి లాభం కలిగిందో వాళ్లే చేయించారనడం అనుమానం వరకే, రుజువు కాదు. గొడవ మొదలయ్యాక దాన్ని వాడుకోవడం వేరు, మొదలుపెట్టడం వేరు, ఆపగలిగి ఆపకపోవడం వేరు. మూడింటికీ మూడు రకాల ఆధారాలు కావాలి. ఏ రోజు ఏ బస్తీలో ఎవరు ఎవరికి డబ్బిచ్చారో, ఎవరు ఎక్కడి నుంచి మనుషుల్ని తెచ్చారో చెప్పగలిగితే రాయండి. లేకపోతే ‘నగరంలో ఇలా బలంగా నమ్మేవారు’ అని రాయండి. జనం ఏం నమ్మారన్నది కూడా చరిత్రే, దాన్ని దాని పేరుతోనే పిలవాలి.

విల్కిన్సన్ ప్రశ్న సూటిగా ఉంటుంది, చాలామంది దాన్నే మరిచిపోతారు. ‘పోలీసులు ఎందుకు ఆపలేదు?’ మన దేశంలో పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటారు. గట్టిగా అనుకుంటే ఏ అల్లరినైనా ఆపగల బలం వాళ్లకు ఉంటుంది. ఊరి స్థాయిలో పోటీ నువ్వా నేనా అన్నట్టు ఉన్నచోట గొడవ పెట్టడంలో కొందరికి లాభం. రాష్ట్ర స్థాయిలో మాత్రం మైనారిటీ ఓట్లు లేకుండా గద్దె నిలవదన్న ప్రభుత్వం వెంటనే లాఠీ ఎత్తిస్తుంది, ఆ ఓట్లు అక్కర్లేని ప్రభుత్వం తాత్సారం చేస్తుంది. ఆయన చెప్పిన ఓట్ల సూత్రం ప్రతిచోటా సరిపోదు. 1990 హైదరాబాద్‌కు ఎంతవరకు సరిపోతుందో మీరు చూడాలి, ఎందుకంటే అప్పుడు రాష్ట్రంలో ఉన్నది ముస్లిం ఓట్లు కావాల్సిన పార్టీయే. ఆ పార్టీ రెండుగా చీలి ఉన్నప్పుడు పోలీసులు ఎవరి మాట వింటారు? ఇది మంచి ప్రశ్న, దీన్ని వదలకండి.

నాలుగో ఆయన సుధీర్ కక్కర్. ఆయన మీకు తప్పనిసరి, ఎందుకంటే మానసిక విశ్లేషకుడిగా సరిగ్గా మీ అల్లర్ల తర్వాతే హైదరాబాద్ వచ్చి పాతబస్తీలో పార్దీలు అనే హిందూ కులంవాళ్లతో, ముస్లింలతో, రెండువైపులా పేరుమోసిన పహిల్వాన్లతో కూర్చుని మాట్లాడారు. మామూలు రోజుల్లో పాపం అనుకునే పనుల్లో ఏవి గొడవల రోజుల్లో పాపం కాకుండా పోతాయి అని రెండు మతాల వాళ్లనూ అడిగారు. షాపు తగలబెట్టడానికి ఒప్పుకున్న మనిషి కూడా ఇంకో పని దగ్గర ఆగుతాడు. గొడవల్లో మనుషులు పూర్తిగా విచక్షణ కోల్పోతారన్న మాట మనం అలవాటుగా అనేస్తాం, ఆ మాటలు వింటే అది తప్పని తెలుస్తుంది. ఆయన పుస్తకంలో నాకు తక్కువనిపించేది పోలీసులు, డబ్బు, భూమి. కానీ ఆయన ప్రశ్న అది కాదు. భయం, పగ మనిషిలో ఎలా కూర్చుంటాయన్నది ఆయన ప్రశ్న.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది. ‘1990 అల్లర్లు’ అని ఒక వస్తువు ఉన్నట్టు రాయకండి. దాన్ని గంటలుగా, గల్లీలుగా విడగొట్టండి. మొదటి కత్తిపోటు ఏ రోజు, ఎక్కడ? దానికీ రెండోదానికీ మధ్య ఎంత సమయం? పోలీసులకు ఎప్పుడు తెలిసింది? కర్ఫ్యూ ఎప్పుడు పెట్టారు, ఏ స్టేషన్ పరిధిలో ముందు, ఏ పరిధిలో ఆలస్యంగా? ఏ గల్లీలో ఏమీ జరగలేదు, అక్కడ ఎవరు నిలబడ్డారు? ఇలా విడగొట్టాక పండితుల తగాదా చాలావరకు సర్దుకుంటుంది. మొదటి రోజు ఒక గల్లీలో జరిగినదానికి బ్రాస్ సరిపోవచ్చు, మూడో రోజు వేరే చోట కత్తి పట్టినవాడి భయానికి కక్కర్ సరిపోవచ్చు, వారం దాకా ఆగకపోవడానికి విల్కిన్సన్, అసలేమీ జరగని బస్తీకి వార్ష్ణేయ్. ఒకే రోజు జరిగిన రెండు హత్యలకు కారణాలు వేరు వేరుగా ఉండొచ్చు. అన్నిటికీ కలిపి ఒకే కారణం వెతకడం వల్లే మనం మోసపోతాం.

దీనికి మంచి నమూనా కావాలంటే 1992-93 బొంబాయి అల్లర్ల మీద జస్టిస్ శ్రీకృష్ణ కమిషన్ 1998లో ఇచ్చిన నివేదిక చదవండి. దాదాపు 900 మంది చనిపోయిన ఆ గొడవలను ఆయన పోలీస్ స్టేషన్ వారీగా విప్పుకుంటూ వెళ్లారు. ఈ స్టేషన్ పరిధిలో ఇంత మంది, ఈ ఫైరింగ్ అవసరమా కాదా, ఈ అధికారి ఏం చేశాడు అని. పెద్ద మాటలు తక్కువ. డిసెంబర్‌లో జరిగిన దానికీ జనవరిలో జరిగిన దానికీ స్వభావంలోనే తేడా ఉందని అలా విప్పితేనే తెలిసింది.

గంటలు, గల్లీలు ఎందుకంత ముఖ్యమో శ్రీలంకలోని కొలంబో చెబుతుంది. 1983 జూలై 23 రాత్రి జాఫ్నా దగ్గర తిరునెల్వేలిలో తమిళ పులులు అనే సాయుధ సంస్థ వాళ్లు 13 మంది సైనికులను చంపారు. మర్నాడు సాయంత్రం శవాల కోసం కొలంబోలోని కనత్తె శ్మశానం దగ్గర జనం పోగయ్యారు, అక్కడి నుంచి తమిళుల ఇళ్లు, దుకాణాల మీద దాడులు మొదలయ్యాయి. ఇంతవరకే రాస్తే ‘సింహళీయుల ఆగ్రహం కట్టలు తెంచుకుంది’ అనే వాక్యం దానంతట అదే వచ్చేస్తుంది, చదివేవాళ్లూ తలూపుతారు. ఇప్పుడు కొంచెం దగ్గరికి వెళ్లండి. తర్వాతి రోజుల్లో వీధుల్లోకి వచ్చిన కొన్ని గుంపుల చేతుల్లో ఓటర్ల జాబితాలున్నాయి. ఏ ఇల్లు తమిళులదో, ఏది కాదో నంబరు చూసి వెళ్లారు. కట్టలు తెంచుకున్న కోపం ఓటర్ల జాబితా చూసుకోదు. అది ఏ ఆఫీసులోంచి, ఎవరి చేతిమీదుగా వచ్చింది? ప్రభుత్వ కస్టడీలో ఉన్న తమిళ ఖైదీలను వెలికడ జైల్లో రెండు విడతల్లో 53 మందిని చంపుతుంటే కాపలావాళ్లు ఏం చేస్తున్నారు? అధ్యక్షుడు జయవర్ధనే జూలై 28 దాకా జాతినుద్దేశించి ఎందుకు మాట్లాడలేదు, మాట్లాడినప్పుడు చనిపోయిన తమిళుల గురించి సానుభూతిగా ఒక్క ముక్క ఎందుకు అనలేదు? తేదీలూ వస్తువులూ అడుగుతుంటే కథ మారిపోతుంది చూడండి.

దీని మీద రాసిన స్టాన్లీ తంబయ్య శ్రీలంక తమిళుడు, హార్వర్డ్‌లో మానవశాస్త్రం చెప్పేవారు. దాడికి గురైన జాతికే చెందిన మనిషి. తన పక్షం దాచుకోలేదు, తనవాళ్ల ఆయుధ పోరాటాన్ని వెనకేసుకు రాలేదు. ఒక సందులో ఇద్దరి మధ్య ఉన్న తగాదా దాని ప్రత్యేకమైన వివరాలన్నీ రాలిపోయి, ఊళ్లు దాటేసరికి ‘వాళ్లు మన జాతి మీద పడ్డారు’ అనే ఒక్క ముక్కగా ఎలా మారుతుందో ఆయన చూపించారు. ఏదో ఒక వైపు పుట్టినవాళ్లు నిష్పక్షపాతంగా రాయగలరా అని మీకు బెంగ ఉంటే ఆయన్ని చదవండి.

వివరాలు రాలిపోవడం వీధిలోనే కాదు, మన కాగితాల మీద కూడా జరుగుతుంది. 1809లో బనారస్‌లో లాట్ భైరవ అనే స్తంభం దగ్గర గొడవ జరిగింది. చరిత్రకారుడు జ్ఞానేంద్ర పాండే ఆ ఒక్క సంఘటన మీద నూరేళ్ల పాటు వచ్చిన ఇంగ్లీషు దొరల రాతలన్నీ వరసగా పెట్టి చూశారు. అప్పటి అధికారుల నివేదికల్లో చనిపోయినవాళ్లు ముప్పై మంది లోపు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన గెజెటీర్‌కు వచ్చేసరికి ‘కొన్ని వందల మంది’. లెక్క పెరిగింది, దాంతోపాటు స్థానిక కారణాలు, మనుషులు, స్థలాలు మాయమయ్యాయి. చివరికి మిగిలింది హిందువులు ముస్లింలు ఎప్పుడూ ఇంతే అన్న కథ. మీ పరిశోధనలో ఏ సంఖ్య వాడినా అది మొదట ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో వెనక్కి వెళ్లి చూడమనేది అందుకే.

హైదరాబాద్‌లో దీనికి ఉదాహరణ 1978. ఆ మార్చిలో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం మహిళపై పోలీసులు అత్యాచారం చేశారు, ఆమె భర్తను కొట్టి చంపారు. ఊరు భగ్గుమంది. జనం స్టేషన్ మీదకు వెళ్లారు, పోలీసులు కాల్పులు జరిపారు. ఆ రోజు కోపం పోలీసుల మీద, అందులో రెండు మతాల వాళ్లూ ఉన్నారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. దేశంలో అత్యాచార చట్టాల మార్పు కోసం జరిగిన ఉద్యమంలో ఈ కేసుకు పెద్ద చోటుంది. అదే 1978ని మతకలహాల పుస్తకాలు ‘హైదరాబాద్‌లో కొత్త దశ అల్లర్లకు ఆరంభం’ అని లెక్కేస్తాయి. ఒకే సంఘటన రెండు చరిత్రల్లో రెండు పేర్లతో నమోదైంది. పోలీసుల మీద తిరగబడ్డ నగరం కొద్ది సంవత్సరాల్లో తనలో తాను కొట్టుకునే నగరంగా ఎలా మారింది? మీ 1990 అధ్యాయానికి ముందు ఈ ప్రశ్న మీద ఇరవై పేజీలు రాసినా వృథా కాదు.

పుకార్ల గురించి విడిగా రాయండి. 1984 నవంబర్‌లో ఢిల్లీలో సిక్కులు నీళ్లలో విషం కలిపారనీ, పంజాబ్ నుంచి శవాలతో రైళ్లు వచ్చాయనీ, ఇందిర చావుకు మిఠాయిలు పంచుకున్నారనీ ప్రచారం జరిగింది. పౌరహక్కుల సంఘాలు అప్పుడే ఇవన్నీ రికార్డు చేశాయి. ఢిల్లీలో ప్రభుత్వ లెక్క ప్రకారమే 2,733 మంది చనిపోయారు. 1990 డిసెంబర్‌లోనే, మీ అల్లర్ల రోజుల్లోనే, అలీగఢ్‌లో యూనివర్సిటీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో హిందూ రోగులను చంపేస్తున్నారని హిందీ పత్రికల్లో వార్త వచ్చింది. అబద్ధం. నిప్పు లేనిదే పొగ రాదంటారు గాని, అక్కడ పొగంతా అచ్చు యంత్రం నుంచే వచ్చింది. కాబట్టి పుకారును ‘జనం అమాయకత్వం’ కింద కొట్టేయకండి. ఎవరు మోశారు, ఏ దారిన వెళ్లింది, నమ్మినవాడికి అది ఏం చేయడానికి అనుమతి ఇచ్చింది అని అడగండి. ముందు వాళ్లే మనల్ని చంపబోతున్నారని నమ్మించడమే దాడికి తయారవడంలో పెద్ద భాగం.

నాన్నగారి చప్పట్ల సామెత దగ్గరికి వస్తాను. ఆయన మీ మంచి కోరే అన్నారు. కానీ సగం తప్పు వీళ్లది, సగం వాళ్లది అని ముందే పంచేసి రాస్తే అది నిష్పక్షపాతం కాదు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఏ చప్పట్లూ కొట్టనివాళ్లు. పాలు తేవడానికి వెళ్లిన మనిషి, డ్యూటీ నుంచి సైకిల్ మీద ఇంటికొస్తున్న మనిషి. ఒక గల్లీలో ఒక మతం వాళ్లు చంపారు, ఇంకో గల్లీలో ఇంకో మతం వాళ్లు చంపారు, మరోచోట పోలీసు తూటా. ఏది ఎంతో అంత రాయండి. ఒక వైపు ఎక్కువ తేలితే ఎక్కువే అని రాయండి. మీ వైపు వాళ్లు చేసినది రాసేటప్పుడు క్రియ మారిపోతోందేమో చూసుకోండి. ‘వాళ్లు చంపారు’, ‘మా వైపు కొన్ని సంఘటనలు జరిగాయి’ అని చాలామంది రాస్తారు, తమకు తెలియకుండానే. మన పత్రికల్లో ‘ఒక వర్గానికి చెందిన గుంపు’ అని రాయడం మంచి ఉద్దేశంతో వచ్చిన పద్ధతే. అయితే ఆ రోజు కాగితంలో అది అవసరం, ముప్పై అయిదేళ్ల తర్వాత థీసిస్‌లో కాదు. ఆ పత్రికలు వాడేటప్పుడు తెలుగుతోపాటు ఉర్దూ దినపత్రికలు కూడా తీయండి. ఉర్దూ రాకపోతే చదివిపెట్టే మనిషిని చూసుకోండి. అవి చూడకుండా హైదరాబాద్ మీద రాసిన అధ్యాయాన్ని నేనైతే ఒప్పుకోను.

పెద్దమ్మ సంగతి. ‘గొడవల్లో ఏం జరిగింది’ అని అడిగితే ఎవరైనా ఇన్నేళ్లలో గట్టిపడ్డ కథే చెబుతారు. అందులో సగం పత్రికల్లో చదివింది, సగం చుట్టాలు చెప్పింది కలిసి ఉంటుంది. భాగల్‌పూర్ వెళ్లినప్పుడు పాండే కూడా ఇదే గమనించారు. జనం ‘నేను’ అనడం మానేసి అంతా ఒకే అచ్చులో పోసినట్టు చెబుతారు. అందుకే చిన్నవి అడగండి. కర్ఫ్యూ సడలించినప్పుడు బయటికి ఎవరు వెళ్లేవారు? పాలు, బియ్యం ఎక్కడివి? రాత్రుళ్లు ఎవరింట్లో పడుకున్నారు, మేడ మీద కాపలా ఎవరు? అంతకు ముందు పక్కింటి వాళ్లతో ఏ పని ఉండేది? ఇల్లు ఎప్పుడు ఖాళీ చేశారు, ఎంతకు అమ్మారు, ఎవరు కొన్నారు? ఆ ఇంటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే అమ్మకాలు కొనుగోళ్లు చూపించే కాగితం, తీయండి. తేదీ, ధర కాగితం మీద ఉంటాయి, జ్ఞాపకంతో పోల్చుకోవచ్చు. ఒక గల్లీలో పదిళ్లకు అలా తీస్తే, భయపడి అగ్గువకు అమ్ముకున్నవాళ్లెవరో, వరసగా కొన్నవాళ్లెవరో బయటపడుతుంది. పాతబస్తీ గొడవల వెనుక భూమి ఉందని అందరూ అంటారు, ఇలా చూపించినవాళ్లు తక్కువ.

జ్ఞాపకం తేదీలో తప్పితే దాన్ని అబద్ధం అనకండి. ఆవిడ 1984ని, 1990ని కలిపేసి చెబితే, ఆ రెండూ ఆవిడ మనసులో ఒకే భయంగా ఎందుకు కలిశాయో రాయండి. కొన్ని విషయాల దగ్గర ఆవిడ మాట ఆపేస్తారు. అక్కడ మళ్లీ మళ్లీ అడగకండి, ఆగిపోయారని రాస్తే చాలు. శాలిబండలో అప్పుడున్న ముస్లిం పెద్దవాళ్లను కనీసం మీ బంధువులెంతమందో అంతమందిని కలవండి. ఎవరి పేరూ, ఇంటి గుర్తూ రాయకండి. రికార్డింగులు ఫోన్‌లో ఉంచుకోకండి. ‘ఫలానావాడు పొడిచాడు’ అని ఎవరైనా బతికున్న మనిషి పేరు చెబితే, కోర్టు కాగితంలో లేని పక్షంలో అది మీ నోట్సు దాటి బయటికి రాకూడదు.

నాన్నగారు మానిన పుండు అన్నారు. ఆయన భయం మీ గురించి, దాన్ని గౌరవించండి. ఏ బస్తీలో ఎప్పుడు తిరుగుతున్నారో ఇంట్లో చెప్పి వెళ్లండి, పండగలు ఊరేగింపుల రోజుల్లో వెళ్లకండి. కానీ మానిందా అన్నది వేరే మాట. పుండు మానిందని చెప్పే హక్కు తగిలినవాళ్లది. విచారణ కమిషన్ల చట్టం ప్రకారం నివేదిక అందిన ఆరు నెలల్లో ప్రభుత్వం ఏం చర్య తీసుకుందో కలిపి చట్టసభ ముందు పెట్టాలి. ఈ దేశంలో ఎన్ని నివేదికలు అలా సభ దాకా వచ్చాయో, ఎన్ని బీరువాల్లో ఉండిపోయాయో చూస్తే, ఎవరి పుండు ఎవరు మానిందనుకుంటున్నారో తెలుస్తుంది.

గైడ్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు చిన్న మార్పు అడగండి. మీ సినాప్సిస్‌లో అందరిలాగే రెండో అధ్యాయం ‘అల్లర్లకు కారణాలు’ అని ఉండే ఉంటుంది. దాన్ని తీసి చివరికి జరపండి. రెండో అధ్యాయంగా ఒక పోలీస్ స్టేషన్ పరిధి తీసుకుని, ఆ డిసెంబర్ రోజులు గంటల వారీగా రాసి చూపించండి. ఎఫ్‌ఐఆర్‌లు, తెలుగు ఉర్దూ పత్రికలు, పౌరహక్కుల సంఘాల నిజనిర్ధారణ నివేదికలు, ఇంటర్వ్యూలు, ఈసీలు పక్కపక్కన పెట్టి. ఎఫ్‌ఐఆర్‌ల కోసం ఆర్టీఐ ఇప్పుడే వేయండి, జవాబు రావడానికి నెలలు పడుతుంది, అప్పీలుకు ఇంకొన్ని. ఆ అధ్యాయం చదివాక కూడా ఆయన థియరీ తేల్చమంటే, ఏ పేజీకి ఏ పండితుడు సరిపోయాడో, ఎవరూ సరిపోని పేజీలేవో చెప్పండి.